బొమ్మల బల్ల: అతుకు నిలవాలంటే ముందు సరుకేంటో తెలియాలి

పోయిన సంచికలో టేబుల్‌టాప్ వార్‌గేమ్స్ గురించి రాశాం కదా, బల్ల మీద బుల్లి సైన్యాల్ని నిలబెట్టి టేపుతో కొలుచుకుంటూ పాచికలు వేసి ఆడే యుద్ధాలు. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో రూల్స్ అడిగినవాళ్లు తక్కువ, బొమ్మలు తయారుచేసే దగ్గరే ఇరుక్కుపోయినవాళ్లు చాలా ఎక్కువ. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. పైసలు జమచేసుకుని ఫస్ట్ టైమ్ వార్‌హ్యామర్ అనే వార్‌గేమ్ బొమ్మల బాక్స్ ఒకటి కొన్నా. పక్క కిరాణా షాపుల దొరికే సూపర్ గ్లూతో అతికించిన. రెండు బొమ్మలు టేబుల్ మీదికెళ్లి పడితే చేతులు టక్కున ఊడినయ్. ఇంకోదానికి మొహం మొత్తం తెల్లగ బూజు పట్టినట్టు అయింది. నాకు నకిలీ గమ్ము ఇచ్చిండా? (కూకట్‌పల్లి)

గమ్ము మంచిదే తమ్ముడూ, దాని పని అది చేసింది, కాకపోతే నీ బొమ్మకి సరిపడే గమ్ము అది కాదు. ఈ హాబీలో బాధలన్నీ దాదాపు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

బొమ్మలు ముఖ్యంగా మూడు రకాల సరుకుతో వస్తాయి. నువ్వు కొన్నది పాలీస్టైరీన్ ప్లాస్టిక్, ముక్కలన్నీ ఒక ఫ్రేముకి అంటుకుని వస్తాయి, ఆ ఫ్రేమునే స్ప్రూ అంటారు. రెండోది రెజిన్, ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్. మూడోది వైట్ మెటల్, అంటే తగరం ఎక్కువగా కలిసిన లోహం. సూపర్ గ్లూ ఈ మూడింటినీ పట్టుకుంటుంది కానీ పైపైనే పట్టుకుంటుంది, రెండు ముక్కల మధ్య ఒక గట్టి పెళుసు పొరగా ఉండిపోతుంది, నేరుగా లాగితే ఓర్చుకుంటుంది గానీ పక్కనుంచి దెబ్బ తగిలితే విరుగుతుంది, కిందపడితే తగిలేది అలాంటి దెబ్బే కదా. పాలీస్టైరీన్‌కి వాడాల్సింది ప్లాస్టిక్ సిమెంట్. జపాన్ టామియా వాళ్ల ఎక్స్‌ట్రా థిన్ లాంటివి మన ఆన్‌లైన్ హాబీ షాపుల్లో దొరుకుతాయి, నీళ్లంత పల్చగా ఉంటుంది, మూతకే చిన్న బ్రష్ ఉంటుంది. అది రెండు ముక్కల అంచుల్ని కొద్దిగా కరిగించి ఒకదాన్లో ఒకటి కలిపేస్తుంది, ఆరాక అక్కడ రెండు ముక్కలుండవు, ఒకటే ప్లాస్టిక్. తర్వాత కిందపడితే కత్తి మొన వంకరపోవచ్చేమో గానీ భుజం దగ్గర అతుకు మాత్రం ఊడదు.

వాడే పద్ధతి కూడా వేరు. ముందు గమ్ము లేకుండా ముక్కలు రెండూ కలిపి చూడు, సరిగ్గా కూర్చుంటున్నాయా లేదా అని. ఎక్కడన్నా ఎత్తుగా ఉంటే స్ప్రూ నుంచి కోసినచోట మిగిలిన బుడిపె అయ్యుంటుంది, దాన్ని చెక్కేయ్. తర్వాత ముక్కల్ని దగ్గరగా పట్టుకుని అతుకు మొదట్లో బ్రష్ తాకిస్తే చాలు, సిమెంట్ దానంతట అదే సందులోకి పాకిపోతుంది, పాకేటప్పుడు కంటికి కనపడుతుంది కూడా. ఒక్క జాగ్రత్త, నీ వేలు ఆ సందు మీద ఉండకూడదు, ఉంటే వేలి కిందకి కూడా పాకి నీ వేలిముద్ర సోల్జర్ భుజం మీద పర్మినెంటుగా పడిపోతుంది. అర నిమిషం అలా పట్టుకుని వదిలేసి తెల్లారేదాకా దాని జోలికి పోకు. కిటికీ తీసి పెట్టుకో, అది సాల్వెంట్, వాసన తలకెక్కుతుంది, దీపం అగరొత్తి దగ్గర్లో ఉండకూడదు.

ఇక ఆ తెల్ల బూజు సంగతి. సూపర్ గ్లూ గట్టిపడేది గాల్లో ఉండే తేమ వల్లే, ఎక్కువ పూస్తే దాన్నుంచి లేచిన ఆవిరి చుట్టుపక్కల తేమతో కలిసి తెల్లటి పొరగా మళ్లీ బొమ్మ మీదే కూర్చుంటుంది, అందుకే వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, పోయినంత పోతుంది, మిగిలింది రంగులకి ముందు వేసే పూత, అదే ప్రైమర్, దాని కింద కప్పడిపోతుంది, బెంగపడకు. ఊడిన చేతుల దగ్గర మాత్రం పాత గమ్ము మొత్తం బ్లేడుతో గీకేయ్, ఉత్త ప్లాస్టిక్ బయటపడితేనే సిమెంట్ పనిచేస్తుంది. గీకాక సందు వస్తే, పారేసే స్ప్రూ ముక్కల్ని చిన్నచిన్నగా కత్తిరించి గాజు సీసాలో అదే సిమెంట్‌లో ఒక రాత్రి నానబెట్టు, చిక్కటి పేస్ట్ అవుతుంది, దాంతో పూడ్చి ఆరాక సాండ్‌పేపర్ పట్టు. కొండపల్లిలో కూడా ఇదే లెక్క, తెల్లపొణికి చెక్కలో విడివిడిగా చెక్కిన ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే అతికి సందులు కనపడకుండా చేస్తారు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి టెన్త్. ఆదివారం వచ్చిందంటే గది తలుపేసుకుని చిన్న కత్తి పట్టుకుని ఈ బొమ్మలతోనే కూర్చుంటాడు. భోజనానికి పిలిచినా పలకడు. ఈ వయసులో బొమ్మలాటేంటని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. నాకేమో ఆ కత్తి చూస్తేనే భయం. మాన్పించమంటారా? (విజయవాడ)

మాన్పించొద్దమ్మా. రెండు గంటలపాటు ఫోన్ ముట్టుకోకుండా ఒకే పని మీద కూర్చోగలిగే పిల్లలు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మీవారితో ఈ మాట చెప్పండి, ఈ బొమ్మలు తయారుచేసి అమ్మడమే పనిగా పెట్టుకున్న గేమ్స్ వర్క్‌షాప్ అనే ఇంగ్లండ్ కంపెనీ 2024 డిసెంబర్‌లో లండన్ స్టాక్ మార్కెట్‌లోని టాప్ 100 కంపెనీల లిస్టులోకి ఎక్కింది. వీటిని కొని అతికించి రంగులేసేవాళ్లలో పెద్దవాళ్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు బోలెడుమంది.

కత్తి విషయంలో మీ భయం మాత్రం న్యాయమైనదే. కాకపోతే ప్రమాదం పదునైన బ్లేడుతో కంటే మొండిబారిన బ్లేడుతో ఎక్కువ, తెగక గట్టిగా నొక్కుతారు, అప్పుడు జారుతుంది. కాబట్టి స్పేర్ బ్లేడులు ఒక ప్యాకెట్ కొనివ్వండి, కింద పెట్టుకోవడానికి కటింగ్ మ్యాట్ ఒకటి, ముక్కలు కోయడానికి నిప్పర్ ఒకటి. ముక్కల అంచున సన్నగా ఒక గీత ఉంటుంది, అచ్చు రెండు భాగాలు కలిసినచోట పడేది, దాన్ని తీయడానికి పదును వైపు అక్కర్లేదు, బ్లేడు వీపుతో గీకితే వచ్చేస్తుంది, ఒకసారి వాడిని చేసి చూపించమనండి. తలుపు మాత్రం తీసి ఉంచమనండి, గమ్ము వాసన బయటికి పోవాలి. భోజనానికి పిలిచినప్పుడు రాకపోతే రెండు నిమిషాలు ఆగండమ్మా, చేతిలో ఆరని అతుకు పట్టుకుని ఉంటాడు.

ప్రశ్న: హాయ్ అండీ, నేను నాటింగామ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్ సంతలో పాత మెటల్ డ్రాగన్ ఒకటి చవగ్గా దొరికింది, దాని మీద ఎవరో మందంగా పెయింట్ వేసేశారు, రెక్కలు ఎన్నిసార్లు అతికించినా బరువుకి పడిపోతున్నాయి. ఏం చేయాలి?

మీరు ఈ హాబీకి పుట్టినిల్లు లాంటి ఊళ్లో ఉన్నారండీ. గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో మొదలైనా ఇప్పుడు హెడ్డాఫీసు మీ లెంటన్ ఏరియాలోనే, అక్కడే వార్‌హ్యామర్ వరల్డ్ అని ఎగ్జిబిషన్ కూడా ఉంది, పెద్ద పెద్ద యుద్ధరంగాలు బొమ్మలతో కట్టి పెట్టారు, ఒక శనివారం ఖాళీ చేసుకుని వెళ్లండి. పెర్రీ కవలలు, వార్‌లార్డ్ గేమ్స్, ఇలా చారిత్రక సైన్యాల బొమ్మలు చేసేవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే.

ముందు పెయింట్. మెటల్ బొమ్మ కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇంగ్లండ్ వార్‌గేమర్లు ఏళ్ల తరబడి వాడుతున్న చిట్కా డెట్టాల్, మనింట్లో గాయాలకి రాసే గోధుమరంగు డెట్టాలే. నీళ్లు కలపకుండా ఒక డబ్బాలో పోసి బొమ్మని మునిగేలా ఒక రోజు నానబెట్టండి, చేతికి గ్లవ్స్ వేసుకుని టూత్‌బ్రష్‌తో రుద్దండి, పెయింట్ తోలులాగా ఊడొస్తుంది. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి, పెయింట్ మొత్తం పోయేదాకా నీళ్లు తగలనివ్వకండి, మధ్యలో కుళాయి కింద పెట్టారంటే ఆ ఊడిన పెయింటంతా జిగటజిగటగా మారి పొలుసుల సందుల్లో అంటుకుపోతుంది, అది వదిలించడం పెద్ద తలనొప్పి. మధ్యలో కడగాలన్నా డెట్టాల్‌తోనే కడగండి, చివర్లో సబ్బు నీళ్లు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ మెటల్‌ని ఏమీ చేయదు గానీ ఆ అలవాటుతో రేపు ప్లాస్టిక్ బొమ్మని ముంచితే బొమ్మ కరిగి ముద్దయిపోతుంది.

రెక్కలకి గమ్ము ఒక్కటే చాలదు, లోపల కమ్మీ వేయాలి. పిన్ వైస్ అని చేత్తో తిప్పే చిన్న డ్రిల్ దొరుకుతుంది, 1 మిల్లీమీటర్ బిట్ పెట్టి రెక్క మొదట్లో ఒక రంధ్రం, ఒంట్లో ఒక రంధ్రం, మధ్యలో పేపర్ క్లిప్ తీగ ముక్క. రెండు రంధ్రాలు ఎదురెదురుగా రావడమే అసలు కష్టం. దానికి ముందు రెక్కకి రంధ్రం చేసి, దాని మీద ఒక చుక్క తడి పెయింట్ పెట్టి, రెక్కని ఒంటికి ఎలా అతికించాలో అలా ఒకసారి ఆనించి తీసేయండి, ఒంటి మీద చుక్క ఎక్కడ పడితే అక్కడే డ్రిల్ చేయాలి. మెటల్‌లో బిట్ ఇరుక్కుంటుంది, తొందరపడి బలంగా తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది, రెండు చుట్లు తిప్పి వెనక్కి తీసి పొడి దులిపి మళ్లీ పెట్టండి. ఇంతా చేశాక సూపర్ గ్లూ. పాత బొమ్మల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆకురాయి పట్టేటప్పుడు పక్కన టీ కప్పు పెట్టుకోవద్దు, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: సార్, బీచ్ రోడ్డులో మా ఇల్లు. స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మలు ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తున్నాయి, ఒక్కోసారి తెల్లగా మబ్బేస్తుంది. (విశాఖపట్నం)

తెల్లగా మబ్బేయడం తేమ వల్ల, గరుకు రావడం పెయింట్ బొమ్మ మీద పడేలోపే గాల్లో ఆరిపోవడం వల్ల. మీకు రెండూ ఉన్నాయంటే దూరం నుంచి కొడుతున్నట్టున్నారు, ఇరవై పాతిక సెంటీమీటర్ల కంటే దూరం పోకండి, డబ్బా బాగా రెండు నిమిషాలు గిలకొట్టండి, ఒకేచోట ఆపకుండా పక్కకి జరుపుతూ పల్చగా కొట్టండి. జడివాన రోజుల్లో, వడగాలి రోజుల్లో అసలు కొట్టొద్దు. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి నా సలహా బ్రష్‌తో పూసే ప్రైమర్, కొంచెం ఆలస్యం అవుతుంది గానీ వాతావరణంతో పనిలేదు.

ప్రశ్న: అన్నా, అందరూ వార్‌హ్యామర్ స్పేస్ మెరైన్లు, నెపోలియన్ సోల్జర్లు చేస్తాన్నారు. నాకు విజయనగరం సైన్యం చేయాలని ఉంది, తళ్లికోట యుద్ధం ఆడాలని. ఆ బొమ్మలు ఎక్కడా సరిగ్గా దొరకడం లేదు, ఉన్నవాటిని మార్చి చేయొచ్చా? (హిందూపురం)

ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను తమ్ముడూ. తప్పకుండా చేయొచ్చు, పైగా నీకున్న వసతి ఎవరికీ లేదు, లేపాక్షి మీకు పక్కనే. గుడి లోపలి కప్పు మీద 16వ శతాబ్దపు రంగుల చిత్రాల్లో మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు చూడు, అంగీల మడతలు చూడు, నడుముకి దట్టీ ఎలా కట్టారో చూడు, నోట్‌బుక్‌లో గీసుకో. తిరుమల గుళ్లో కృష్ణదేవరాయల విగ్రహానికి ఉన్నది కూడా ఆ కుళ్లాయే. తర్వాత వీలైతే హంపి, హజార రామాలయం ప్రహరీ మీద వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, కాల్బలం నడుస్తూ ఉంటాయి, నీ సైన్యం లిస్టు అక్కడే చెక్కి ఉంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారి సైన్యం కవాతు కళ్లారా చూసి రాసిపెట్టాడు, అదీ చదువు.

ఇక పని. 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మల్లో సాదా పొడుగు అంగీ వేసుకున్నవాళ్ల బాక్స్ ఏదన్నా తీసుకో, ఇనప కవచాల వాళ్లొద్దు, చెక్కి తీయలేక చేతులు పడిపోతాయి. తల మొత్తం కలిపి నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది, హెల్మెట్ ఉంటే కనుబొమల పైదాకా చదునుగా కోసేయ్, చెవులు మిగలాలి. కుళ్లాయికి గ్రీన్ స్టఫ్ అనే ఎపాక్సీ పుట్టీ కావాలి, నీలం పసుపు రెండు పట్టీలు పక్కపక్కన అంటుకుని వస్తాయి, ఆ రెండూ తాకే మధ్య గీత దగ్గర ముందే గట్టిపడి ఉంటుంది, ఆ సన్నటి భాగం కోసి పారేయ్, లేకపోతే నలిపినప్పుడు లోపల పలుకులు తగులుతాయి. మిగతాది సమానంగా కలిపి ఒకే పచ్చరంగు వచ్చేదాకా పిసికి, వెంటనే వాడకుండా అరగంట పక్కన పెట్టు, అప్పుడు జిగురు తగ్గి చెప్పినమాట వింటుంది. చిన్న ఉండ తీసుకుని తల మీద కూర్చోబెట్టి, తడిచేసిన పనిముట్టుతో కింద నుంచి పైకి లాగుతూ పో, పైకి పోయేకొద్దీ సన్నబడి కొస గుండ్రంగా ముగియాలి. కింద అంచుకి సన్న తాడులా చుట్టిన పుట్టీ ఒక వరస పెట్టి, సూది మొనతో దగ్గర దగ్గరగా నొక్కితే జరీ అంచు వచ్చేస్తుంది. ఎప్పటికప్పుడు పనిముట్టు తడుపుతూనే ఉండాలి. తెల్లారేదాకా ముట్టుకోకు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ కూడా ఎపాక్సీనే, బొమ్మల కాళ్ల కింద ఉండే బేస్‌ల మీద రాళ్లకీ కొండలకీ చక్కగా పనికొస్తుంది, కానీ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఇంత సన్న పనికి టైమ్ ఇవ్వదు.

తలలు అతికించేటప్పుడు అన్నీ సూటిగా ముందుకి చూసేలా పెట్టకు, ఒకడు పక్కవాడివైపు, ఒకడు ఈటె మొనవైపు, ఒకడు ఏనుగు మావటివైపు కొంచెం మెడ తిప్పితే చాలు, ఆ వరసకి ప్రాణం వచ్చేస్తుంది. ముందు పదిమంది కాల్బలం పూర్తి చేసి ఫోటో పంపు, 1565 జనవరి నాటి ఆ యుద్ధానికి ఎంతమంది కావాలో తర్వాత చూద్దాం. ఫోటో వస్తే ఇక్కడ వేస్తాం.

ప్రశ్న: బెంగుళూరులో టూ బీహెచ్‌కే ఫ్లాట్ మాది. మా ఆయన రెజిన్ త్రీడీ ప్రింటర్ కొని బెడ్‌రూమ్‌లో పెట్టారు, ఏసీ వేసి తలుపులేసి ప్రింట్లు తీస్తుంటారు. మూడేళ్ల పాప ఉంది. వాసన తప్ప ఏం కాదంటున్నారు, నిజమేనా?

నిజం కాదండీ, ఈ కాలమ్ ఆయనతోనే చదివించండి. బొమ్మ గట్టిపడ్డాక ఫర్వాలేదు, గట్టిపడని రెజిన్‌తోనే గొడవ. అది చర్మానికి తగులుతూ ఉంటే కొన్నాళ్లకి ఎలర్జీ మొదలవుతుంది, మొదలయ్యాక చుక్క తగిలినా దద్దుర్లొస్తాయి. ప్రింటర్ బాల్కనీ దగ్గరికో, కిటికీ ఉన్న, పాప వెళ్లని చోటికో మారాలి. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. ప్రింట్ తీసిన బొమ్మని కడిగిన ఆల్కహాల్ సింకులో పోయకూడదు, నీళ్లతో కడిగే రెజిన్ అయినా ఆ నీళ్లూ అంతే. తుడిచిన టిష్యూలు, వేస్ట్ రెజిన్ పాపకి అందనిచోట ఎండలో పెట్టి గట్టిపడ్డాకే చెత్తలో వేయాలి. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు తడిపి పట్టాలి, మాస్క్ కట్టుకోవాలి. ప్రింటర్ ముందు మారనివ్వండి, ఆ తర్వాతే కొత్త బొమ్మలు.

ప్రశ్న: ఇండియాలో వీటికి ఇంత రేటేంటి సార్? (కర్నూలు)

బొమ్మ ధరకి తోడు షిప్పింగ్, దాని మీద కస్టమ్స్. పిల్లల ఆటబొమ్మలూ స్కేల్ మోడళ్లూ కస్టమ్స్ లెక్కలో ఒకే హెడ్డింగ్ కిందకొస్తాయి, ఆ డ్యూటీని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. నలుగురు కలిసి ఒక పెద్ద బాక్స్ కొని స్ప్రూలు పంచుకోవడం మేలు.

ప్రశ్న: అన్నా, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. డిస్కౌంట్ వచ్చినప్పుడల్లా కొని కొని క్లాజెట్ నిండా బాక్సులే. ముప్ఫైమంది ఒకే రకం సోల్జర్లు మొదలుపెట్టి కాళ్లు మాత్రం అతికించి వదిలేశా, ఆర్నెల్లయింది. ఆ టేబుల్ వైపు చూడాలంటేనే నీరసం. మానేయాలా?

నీకు హాబీ మీద విసుగు రాలేదనే నా నమ్మకం, ఆ ముప్ఫైమంది మీద వచ్చింది. ఒకే పని ముప్ఫైసార్లు చేయడం ఫ్యాక్టరీ పని, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి ఎవరు చేస్తారు చెప్పు. ఆ కాళ్లన్నీ ఒక జిప్ కవర్లో వేసి కంటికి కనపడకుండా పెట్టేయ్. క్లాజెట్‌లో నాయకుడి బొమ్మో, రాక్షసుడో, ఏదో ఒక్కటే ఉండే బాక్స్ తీసి దాన్ని మొదటి నుంచి చివరిదాకా, బేస్ మీద ఇసకతో సహా పూర్తిచేయ్. పూర్తయిన బొమ్మ ఒకటి టేబుల్ మీద నిలబడితే చెయ్యి మళ్లీ తిరుగుతుంది. తర్వాత ఆ కవర్లోంచి ఐదుగురిని మాత్రమే తియ్, ఐదుగురూ అయ్యేదాకా ఆరోవాడు బయటికి రాకూడదు.

కొత్త బాక్సులు కొనడం ఆపు, ఇది గట్టిగానే చెప్తున్నా, కొన్నప్పుడు వచ్చే హుషారు వేరు, చేసినప్పుడు వచ్చే తృప్తి వేరు, నువ్వు మొదటిదానికి అలవాటుపడ్డావు. ఏడాదిగా మూత తీయనివాటిలో ఏ సైన్యం మీద నీకు మనసులేదో నీకే తెలుస్తుంది, అవి అమ్మేయ్, లేదా కొత్తగా నేర్చుకునే కుర్రాడికి ఇచ్చేయ్. ఫ్రెండ్‌తో ఒక ఆటకి డేట్ ఫిక్స్ చేసుకో, రంగులేయకపోయినా ఫర్వాలేదు, బూడిద రంగు ప్లాస్టిక్‌తోనే ఆడు. ఆటలో నీ బొమ్మ ఒక్కటి ఒంటరిగా నిలబడి గట్టు కాపాడిందంటే, ఆ రాత్రికి దానికి రంగేయకుండా నువ్వు పడుకోలేవు.

ప్రశ్న: ఆయుధాలు మార్చుకునేలా మ్యాగ్నెట్లు పెట్టిన. ఒక చెయ్యి పడ్తది, ఇంకోటి తోసేస్తది! (కరీంనగర్)

పోల్ తిరగబడింది. తోసేసే చేతిలో మ్యాగ్నెట్ తీసి తిప్పి పెట్టు, రాకపోతే బొమ్మ ఫ్రీజర్‌లో ఒక గంట పెట్టి సన్న బ్లేడుతో కదిలించి చూడు, చలికి సూపర్ గ్లూ పెళుసు అయి వదులుతుంది. ఇకముందు మ్యాగ్నెట్లన్నీ ఒక కడ్డీలా వరసగా అంటించుకుని, పైనున్నదానికి మార్కర్‌తో చుక్క పెట్టి ఒక్కొక్కటే తీయి, తీసిన ప్రతిసారీ కొత్తగా పైకి వచ్చినదానికి చుక్క పెట్టు. ఒంట్లో పెట్టేటప్పుడు చుక్క బయటికి కనపడాలి, చేతిలో పెట్టేటప్పుడు చుక్క లోపలికి పోవాలి, సైన్యం మొత్తానికి ఇదే లెక్క. అప్పుడు ఏ చెయ్యైనా ఏ బొమ్మకైనా పడ్తది.